ద్రాక్షపండు సబ్బు వాసన వచ్చింది. పళ్లు, కూరగాయలు మీరెలా కడుగుతున్నారు?

చిన్నిపాదాలు
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మా పాపకు 11వ నెల నడుస్తోంది. పళ్ల ముక్కలు చేత్తో పట్టుకుని తనే నోట్లో పెట్టుకోవడం ఈమధ్యే నేర్చుకుంది. అప్పట్నుంచీ కడగడం గురించి నాకు ఒకటే టెన్షన్.

మొదట్లో కుళాయి కింద కడిగి ఊరుకునేదాన్ని. తర్వాత ఎవరో చెబితే ఉప్పునీళ్లు, ఇంకెవరో చెబితే వెనిగర్, ఒక వీడియో చూసి వంటసోడా. ఈమధ్య వెనిగర్, సోడా రెండూ కలిపే వేస్తున్నాను. సింక్‌కి మూత బిగించి, నిండా నీళ్లు పట్టి, తెచ్చినవన్నీ అందులో పోసి గంటసేపు వదిలేస్తున్నాను. ద్రాక్ష మెత్తబడిపోతోంది. ఆకుకూర రెండో రోజుకే జిగురు పడుతోంది.

పోయిన వారం ద్రాక్ష మీద తెల్లటి పొర కనిపించింది. పురుగుమందేమోనని భయమేసి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి కడిగాను. మూడుసార్లు నీళ్లు మార్చాను. అయినా మా ఐదేళ్ల బాబు ఒక పండు నోట్లో వేసుకుని ఉమ్మేశాడు. "అమ్మా, సబ్బు వాసన" అన్నాడు. నేనూ ఒకటి తిని చూశాను, వాడు చెప్పింది నిజమే. గుత్తి మొత్తం పారేశాను.

పాపకు పెట్టేముందు అసలు ఏం చేస్తే సరిపోతుంది? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

---

వానచినుకు
సోమవారం, రాత్రి 9:58

ముందు సబ్బు ఆపేయండి. పళ్ల తొక్కకు కంటికి కనిపించని సన్నటి రంధ్రాలుంటాయి, సబ్బు వాటిలోకి ఇంకుతుంది. ఎన్ని నీళ్లు పోసినా పూర్తిగా పోదు. కడుపులోకి వెళ్తే వికారం, విరేచనాలు రావచ్చు. గుత్తి పారేసి మంచి పని చేశారు.

ఇంకొకటి, అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. పాపకు ద్రాక్ష గుండ్రంగా అలాగే ఇవ్వకండి. పొడవుగా నాలుగు ముక్కలు చేసి పెట్టండి. గొంతుకు అడ్డుపడుతుంది.

---

సూక్ష్మదర్శిని
సోమవారం, రాత్రి 10:31

నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. కాస్త పొడవుగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మనం కడిగేది మట్టి పోవాలని, క్రిములు పోవాలని, పురుగుమందు పోవాలని. ఈ మూడూ వేరువేరు సంగతులు. మట్టి నీళ్లతో పోతుంది. క్రిములు నీళ్లలో చచ్చిపోవు, తొక్క మీద నుంచి ఊడి నీళ్లతో కొట్టుకుపోతాయంతే. అందుకే నిలవ నీళ్లలో గంట నానబెట్టడం కంటే, పారే నీళ్ల కింద అర నిమిషం చేత్తో రుద్దడం మేలు. నిలవ నీళ్లలో ఒక్క కాయకు అంటిన క్రిములు మిగతావాటికీ అంటుకుంటాయి. సింక్ సంగతి చెప్పాలా? ఎంగిలి గిన్నెలు, పచ్చి మాంసం కడిగిన నీళ్లు, అన్నీ అక్కడికే చేరతాయి. ఆ నీళ్లు పోయే రంధ్రం దగ్గర పేరుకునే జిగురు నిండా క్రిములే. కూరగాయలు సింక్‌లో పోసి నానబెట్టకండి. శుభ్రమైన గిన్నెగానీ చిల్లుల గిన్నెగానీ వాడండి.

మొదలు మాత్రం మన చేతులతోనే. 20 సెకన్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే కాయ ముట్టుకోవాలి. సబ్బు పని అక్కడి వరకే.

కడిగాక శుభ్రమైన పొడి గుడ్డతో తుడవండి. చాలామంది ఈ పని వదిలేస్తారు. నీళ్లకు ఊడకుండా మిగిలినవాటిలో కొన్ని ఆ తుడుపుతో పోతాయి. పైగా తడి లేకపోతే తొందరగా కుళ్లవు.

ఇంత చేసినా క్రిములు సున్నా కావు. బాగా కడిగితే నూటికి 90 నుంచి 99 వంతులు తగ్గుతాయి. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకు అది చాలు. మీరు ఇన్ని రకాలుగా అవస్థ పడాల్సిన పనే లేదండి.

---

పాతకుండ
మంగళవారం, ఉదయం 6:15

సూక్ష్మదర్శిని గారూ, మీరు చెప్పింది కాదనను. కానీ వెనిగర్ క్రిముల్ని చంపుతుందని మీరూ ఒప్పుకోవాలి. నేను పదేళ్లుగా ఆకుకూరలు వెనిగర్ నీళ్లలో అరగంట ఉంచుతున్నాను. మా ఇంట్లో ఎవరికీ కడుపు చెడలేదు.

---

సూక్ష్మదర్శిని
మంగళవారం, ఉదయం 7:50

ఒప్పుకుంటాను పాతకుండ గారూ. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ యాసిడ్ క్రిముల్ని కొంత తగ్గిస్తుంది. కానీ ఎంత తగ్గిస్తుందన్నది అది ఎంత ఘాటుగా ఉంది, ఎంతసేపు ఉంచాం అన్నదాని మీద ఉంటుంది. సీసాలో ఉన్నప్పుడే అది 5 శాతం దగ్గర. బకెట్ నీళ్లలో రెండు మూతలు వేస్తే మిగిలే బలం ఏపాటిది? ఘాటుగా ఉంచితే ఆకు వాడిపోతుంది, రుచి మారుతుంది. మీ అలవాటు మీకు నచ్చితే మానమనను. తర్వాత మంచినీళ్లతో కడగడం మాత్రం మరవకండి.

చిన్నిపాదాలు గారూ, వెనిగర్, సోడా కలిపితే బుసబుస పొంగుతుంది కదా, అది ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకోవడం. పొంగు తగ్గాక మిగిలేది దాదాపు ఉప్పునీళ్ల లాంటిదే. రెండూ వృథా.

ఇది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. బ్లీచ్‌తో వెనిగర్ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

---

మడిగట్టు
మంగళవారం, ఉదయం 11:20

నేను కూరగాయలు పండిస్తాను. ఆ తెల్ల పొర గురించి నేను చెప్తాను.

ద్రాక్ష మీద బూడిద పూసినట్టు సమంగా ఉండే పొర పండు తనంతట తాను తయారుచేసుకునే మైనం. లోపలి తడి ఆరిపోకుండా కాపాడుకుంటుంది. వేలితో రాస్తే అక్కడ మెరుస్తుంది, చుట్టూ మసకగానే ఉంటుంది. అది ఉందంటే పండును ఎక్కువ చేతులు ముట్టుకోలేదని అర్థం. మందు మరక అలా ఉండదు. చుక్క జారి ఆగిన చోట, గుత్తి కింది వైపున, ఆరిన నీటి చారలా అంచు కట్టి ఉంటుంది. అయితే అన్ని మందులూ కంటికి కనిపించవు. మరక లేదని కడగడం మానకండి, పొర ఉందని భయపడకండి.

కొన్ని మందులు మొక్క లోపలికే ఎక్కుతాయి. వేరు నుంచో ఆకు నుంచో లోపలికి పోయి రసంతోపాటు తిరుగుతాయి. అవి ఏ నీళ్లకూ పోవు. దానికి విరుగుడు పొలంలోనే ఉంది. మందు కొట్టాక ఇన్ని రోజులు కోయకూడదని సీసా మీదే రాసి ఉంటుంది, ఆ గడువు పాటించడం పండించేవాడి బాధ్యత. నేను పాటిస్తాను. పాటించనివాళ్లను చూసినప్పుడు బాధేస్తుంది.

ఇంకో విషయం. వాన చినుకులకు నేల మీది మట్టి చింది కింది ఆకుల వెనక అంటుకుంటుంది. పశువుల ఎరువు వేసిన నేలైతే అందులో క్రిములూ ఉంటాయి. ఆకుకూర కడిగేటప్పుడు ఆకు వెనక్కి తిప్పి చూడండి. క్యాబేజీకి పై రెండు మూడు పొరలు తీసి పారేయండి.

---

రెండోకప్పుటీ
మంగళవారం, మధ్యాహ్నం 1:05

మరి వంటసోడా పనిచేస్తుందని శాస్త్రవేత్తలే చెప్పారని చదివాను. అదీ అబద్ధమేనా?

---

సూక్ష్మదర్శిని
మంగళవారం, రాత్రి 8:44

అబద్ధం కాదండి, సగమే ప్రచారమైంది. 2017లో అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ వాళ్లు గాలా రకం యాపిల్స్ మీద రెండు మందులు పూసి చూశారు. ఒకటి థయాబెండజోల్, ఇంకోటి ఫాస్మెట్. లీటరు నీళ్లకు 10 గ్రాముల వంటసోడా కలిపి అందులో ఉంచితే, తొక్క పైనున్న మందు మామూలు నీళ్లకంటే బాగా పోయింది. కానీ ఒకదానికి 12 నిమిషాలు, ఇంకోదానికి 15 నిమిషాలు పట్టింది. అంతకుముందే తొక్కలోకి దిగిపోయిన భాగాన్ని సోడా కూడా తీయలేకపోయింది. థయాబెండజోల్ అయిదో వంతు అలా లోపలికి దిగింది. పైగా ఆ పరీక్ష యాపిల్ మీద, రెండే మందులతో చేసింది. అన్ని పళ్లకూ, అన్ని మందులకూ అలాగే జరుగుతుందని అనుకోలేం.

దీనికంటే ముందు, 2000లో, కనెక్టికట్ వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లు ఉత్త కుళాయి నీళ్లతో కడిగి చూశారు. 12 మందుల్లో 9 తగ్గాయి. నీళ్లలో కరిగే మందే పోతుందని మనం అనుకుంటాం కదా, అలా జరగలేదు. కరగని మందు కూడా నీటి తాకిడికి, రాపిడికి ఊడి పోయింది. నాకు చాలా నచ్చిన విషయం ఇది. చెయ్యి రుద్దడమే అసలు పని.

యాపిల్‌కి సోడా వాడాలనుంటే వాడండి, తర్వాత బాగా కడగండి. ద్రాక్షకు, ఆకుకూరకు నేను వాడను.

---

కొత్తచిగురు
మంగళవారం, రాత్రి 9:12

మా ఇంట్లో కూరగాయలు కడిగే నీళ్లలో పొటాషియం పర్మాంగనేట్ పలుకులు వేస్తారు. నీళ్లు గులాబీ రంగు వచ్చేదాకా. సరేనా?

---

వానచినుకు
మంగళవారం, రాత్రి 9:30

వద్దండి. రంగు చూసి కొలత వేయడమే ప్రమాదం. ఒక్క పలుకు ఎక్కువైనా గాఢత మారిపోతుంది. సరిగ్గా కరగని పలుకు చర్మానికి తగిలితే కాలుతుంది, నోట్లోకి పోతే ఇంకా ఘోరం. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ సీసా లేకుండా ఉండటమే మంచిది.

---

ఊపిరి
మంగళవారం, రాత్రి 11:03

ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను. మావారికి ఆరు నెలలుగా కీమో నడుస్తోంది. సూక్ష్మదర్శిని గారు చెప్పిన ఆ మిగిలే కొద్ది వంతులే మాకు పెద్ద విషయం. ఒంట్లో తెల్ల రక్తకణాలు పడిపోయినప్పుడు కడుపులో చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా ఆసుపత్రి దాకా తీసుకెళ్తుంది.

మా డాక్టరు గారు మొదట చెప్పింది పచ్చి మొలకల గురించి. ఎంత కడిగినా తినకూడదన్నారు. నాకప్పుడు అర్థం కాలేదు, మొలకలు ఆరోగ్యానికి మంచివి కదా అనుకున్నాను. క్రిమి గింజలోనే నక్కి ఉంటుందట. మొలకెత్తడానికి మనం ఇచ్చే వెచ్చదనం, తడి దానికీ పనికొస్తాయి. 2011లో జర్మనీలో మెంతి మొలకల వల్ల ఈకోలై అనే క్రిమి సోకి దాదాపు 4,000 మంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. ఇప్పుడు మా ఇంట్లో మొలకలు ఉడికించే తింటాం.

రెండోది ఖర్బూజ. తొక్క తినం కదా, కడగడం దేనికి అని నేనూ అనుకునేదాన్ని. ఆ వల లాంటి తొక్క గరుకుల్లో మట్టి ఉంటుంది. కత్తి దించగానే తొక్క మీదున్నది కత్తి అంచుతో పాటు లోపలి గుజ్జులోకి వెళ్తుంది. అమెరికాలో 2011లో ఖర్బూజ తిని లిస్టీరియా సోకి 33 మంది పోయారు. ఆ క్రిమి ఫ్రిజ్ చలికి కూడా పెరుగుతుంది. అందుకే నేను కోయకముందే కుళాయి కింద, దానికోసమే పెట్టుకున్న బ్రష్‌తో తోముతాను. గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే కత్తి. కోసిన ముక్కలు వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. రెండు గంటలకు మించి బయట ఉన్నవి ఆయనకు పెట్టను.

ఇప్పటికైతే మావారికి ఆకుకూర పచ్చిగా ఇవ్వట్లేదు. అన్నీ ఉడికించినవే, పళ్లు తొక్క తీసినవే. తొక్క తీసే పండునైనా ముందు కడుగుతాను. మీ ఇంట్లో గర్భిణులు, పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే మొలకలు, ఖర్బూజ విషయంలో దయచేసి జాగ్రత్తపడండి.

---

చిన్నిపాదాలు
బుధవారం, ఉదయం 7:20

ఊపిరి గారూ, మీరు ఇంత కష్టంలో ఉండి మాకోసం రాశారు. మీవారు త్వరగా కోలుకోవాలి. పుచ్చకాయ నేను ఎప్పుడూ కడగకుండానే కోశాను. ఈరోజు నుంచి కడుగుతాను.

ఆకుకూర గురించి ఇంకొంచెం చెప్తారా? కుళాయి కింద పెడితే విరిగిపోతోంది, ఇసుక పోవట్లేదు.

---

మడిగట్టు
బుధవారం, ఉదయం 10:45

ఆకుకూరకు ఒక కిటుకు ఉందమ్మా. కట్ట విప్పి, వేర్లు కోసి, ఆకులు విడదీయండి. పెద్ద గిన్నెలో నిండుగా నీళ్లు తీసుకుని ఆకులు ముంచి, చేత్తో మెల్లగా కలియబెట్టండి. ఒక్క నిమిషం కదపకుండా వదిలేయండి. ఇసుక బరువు కాబట్టి అడుక్కి చేరుతుంది, ఆకు తేలుతుంది. ఇప్పుడు ఆకుల్ని రెండు చేతులతో పైకి ఎత్తి తీయండి. చాలామంది గిన్నె వంచి నీళ్లు వంపుతారు. అప్పుడు అడుగున చేరిన ఇసుకంతా మళ్లీ ఆకుల మీద నుంచే పోతుంది. ఎత్తి తీశాక గిన్నె కడిగి కొత్త నీళ్లు పట్టి మళ్లీ చేయండి. గిన్నె అడుగున వేలు పెడితే గరుకు తగలనంత వరకు. చివర్లో చిల్లుల గిన్నెలో వేసి కుళాయి కింద ఒకసారి.

కాలీఫ్లవర్, బ్రోకలీ అయితే పువ్వులు విడగొట్టి ఉప్పునీళ్లలో కాసేపు ఉంచండి. సందుల్లో దాక్కున్న చిన్న పురుగులు బయటికొస్తాయి. ఉప్పు పని అంతవరకే, క్రిములకు కాదు.

---

కొత్తచిగురు
బుధవారం, మధ్యాహ్నం 12:10

పర్మాంగనేట్ సీసా తీసేశాం. వానచినుకు గారికి థ్యాంక్స్.

క్యాబేజీ తింటే పురుగు మెదడుకి ఎక్కుతుందని విన్నాను. నిజమా?

---

సూక్ష్మదర్శిని
బుధవారం, రాత్రి 8:20

క్యాబేజీలో కనిపించే పచ్చ పురుగుకీ దానికీ సంబంధం లేదు. అది సీతాకోకచిలుక జాతి గొంగళిపురుగు, తీసి పారేస్తే చాలు. మెదడుకి చేరేది బద్దెపురుగు (టేప్‌వార్మ్) గుడ్లలోంచి వచ్చే పిల్ల పురుగు. ఆ గుడ్లు మనుషుల మలం కలిసిన మట్టి, నీళ్ల ద్వారా పచ్చి కూరగాయలకు అంటుకోవచ్చు. క్యాబేజీకే కాదు, నేలకు దగ్గరగా పెరిగే దేనికైనా అంటుకోవచ్చు. ఆ గుడ్లు కంటికి కనిపించవు. పొరలు విడదీసి పారే నీళ్ల కింద కడగండి, అనుమానం ఉంటే ఉడికించండి. బాగా ఉడికితే బతకవు.

---

రెండోకప్పుటీ
బుధవారం, రాత్రి 8:51

మా కుళాయి నీళ్లే నమ్మకం లేనివి. తాగడానికి వేరే నీళ్లు వాడతాం. అప్పుడెలా?

---

సూక్ష్మదర్శిని
బుధవారం, రాత్రి 9:15

మంచి ప్రశ్న అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆహార భద్రతకు చెప్పే అయిదు సూత్రాల్లో సురక్షితమైన నీళ్లు ఒకటి. తాగడానికి పనికిరాని నీళ్లు పచ్చిగా తినేదాన్ని కడగడానికీ పనికిరావు. మట్టి పోయేదాకా మామూలు నీళ్లతో కడిగి, ఆఖరుసారి మరిగించి చల్లార్చిన నీళ్లు పోస్తూ రుద్దండి. అదీ కుదరకపోతే తొక్క తీసి తినేవి, ఉడికించేవి ఎంచుకోండి. వండే కూరలకు ఇంత పట్టింపు అక్కర్లేదు, వేడి చూసుకుంటుంది.

నీళ్ల వేడి గురించి ఒక మాట. ఎండలో నుంచి వచ్చిన టమాటాను, మామిడిపండును ఐస్ లాంటి నీళ్లలో వేయకండి. లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుంటుంది, తొడిమ మచ్చ దగ్గర నుంచి బయటి నీళ్లను లోపలికి పీలుస్తుంది. ఆ నీళ్లలో క్రిమి ఉంటే అదీ లోపలికే. అమెరికాలో 1999లో మామిడిపళ్ల వల్ల సాల్మొనెల్లా అనే క్రిమి వ్యాపించినప్పుడు అనుమానం దీనిమీదకే వెళ్లింది. పండు ఈగల బెడద పోవడానికి పళ్లను వేడినీళ్లలో ముంచి, వెంటనే చల్లటి నీళ్లలో వేశారు. ఇంట్లో అయితే పండుకు సమానంగానో, కాస్త వెచ్చగానో ఉన్న నీళ్లు చాలు.

---

పాతకుండ
గురువారం, ఉదయం 6:30

నిన్న వెనిగర్ పక్కన పెట్టి, మడిగట్టు గారు చెప్పినట్టు ఎత్తి తీసి చూశాను. మొదటి గిన్నె అడుగున ఇసుక చూసి ఆశ్చర్యపోయాను. ఇన్నాళ్లూ నేను వంపేవాణ్ణి.

పుట్టగొడుగులు కడగకూడదంటారు, నిజమేనా?

---

వానచినుకు
గురువారం, ఉదయం 9:05

కడగొచ్చండి. వాటిలో 90 శాతం దాకా నీళ్లే ఉంటాయి, కొత్తగా పీల్చుకునేది కొద్దిగానే. నానబెట్టకుండా కుళాయి కింద చకచకా కడిగి, తుడిచి, వెంటనే వండేయండి.

స్ట్రాబెర్రీ లాంటి మెత్తటి పళ్లు తెచ్చిన రోజే కడిగి దాచకండి, తడికి బూజు పడుతుంది. తినబోయే ముందు కడగాలి. తొడిమ కూడా కడిగాకే తీయాలి, లేకపోతే ఆ గుంటలోంచి నీళ్లు లోపలికి పోతాయి.

---

చిన్నిపాదాలు
గురువారం, రాత్రి 8:35

ఈరోజు మళ్లీ ద్రాక్ష తెచ్చాను. గుత్తి నుంచి కత్తెరతో కాడ కొంచెం ఉంచి కోశాను. చేతులు కడుక్కుని, చిల్లుల గిన్నెలో వేసి, కుళాయి కింద గుప్పెడు గుప్పెడుగా రుద్దాను. కాడలు తీసేసి, ఉతికిన గుడ్డ మీద దొర్లించి ఆరబెట్టాను. మొత్తం అయిదు నిమిషాలు పట్టలేదు. ఆ తెల్ల పొర అక్కడక్కడా ఇంకా ఉంది. ఉండనిచ్చాను.

పాపకు నాలుగేసి ముక్కలు చేసి పెట్టాను. బాబు ముందు ఒకటి తీసుకుని వాసన చూశాడు. తర్వాత గిన్నె తన వైపు లాక్కున్నాడు.